లేత్ సాడిల్‌కి డయల్ బిగించుకోవడం: పదే పదే వచ్చే డౌట్లన్నీ ఒకే చోట

మాది ఆటోనగర్‌లో చిన్న టర్నింగ్ షాపు. ఉన్నది ఒక పాత ఆరడుగుల లేత్, దాని సాడిల్‌కి (టూలుని మోస్తూ బెడ్ మీద అటూ ఇటూ జరిగే భాగం) అది ఎంత జరిగిందో ముల్లుతో చూపించే డయల్ గేజ్ బిగించుకుని చాలా కాలమైంది. చూసినోళ్ళందరూ అవే ప్రశ్నలు అడుగుతుంటే ఒక్కొక్కళ్ళకి ఫోన్‌లో చెప్పలేక అన్నీ ఇక్కడ రాస్తున్నా. మీకు కావాల్సిన ప్రశ్న ఒక్కటి చదువుకున్నా సరిపోతుంది. డయల్ రీడింగ్ గురించి, కొలత తేడా గురించి గీత అని రాసిన చోటల్లా 0.01 ఎంఎం అని అర్థం.

## అసలు కావాలా, కావాలంటే ఏది కొనాలి

సాడిల్ హ్యాండ్‌వీల్ మీద గీతలున్నాయిగా, మళ్ళీ డయల్ దేనికి?

ముందు మీ హ్యాండ్‌వీల్ మీద ఒక్కో గీత ఎంతో చూడండి. చాలా లేత్‌లకి అసలు గీతలే ఉండవు, ఉన్నవాటికి 0.1 ఎంఎం, 0.2 ఎంఎం ఉంటాయి. పైగా మీరు చక్రం తిప్పితే ఆప్రాన్‌లో (సాడిల్ ముందు వేలాడే గేర్ల పెట్టె) గేర్లు తిరగాలి, పినియన్ (చిన్న పళ్ళ చక్రం) తిరగాలి, అది రాక్ (బెడ్‌కి ఉండే పళ్ళ పట్టీ) మీద పాకాలి, అప్పుడు గానీ సాడిల్ జరగదు, ఈ దారంతా ప్లే (వదులు) ఉంటుంది, పాత మిషన్ అయితే చక్రం కొంచెం ఊరికే తిరిగాక గానీ సాడిల్ కదలదు. డయల్‌కి ఈ గొడవతో పని లేదు, సాడిల్ ఎంత జరిగిందో నేరుగా సాడిల్‌నే అడుగుతుంది.

స్టెప్పులన్నీ (డయా మారే మెట్లు) టాప్ స్లైడ్‌తో (సాడిల్ పైన టూలు పట్టే చిన్న స్లైడ్) కొలుచుకుంటున్నా, అది చాలదా?

పొట్టి స్టెప్పులకి చాలు. పొడవు పెరిగితే రెండు ఇబ్బందులు. ఒకటి, చిన్న, మధ్య రకం లేత్‌లలో టాప్ స్లైడ్ ట్రావెల్ 100 ఎంఎం అటూ ఇటూగా అయిపోతుంది. రెండోది అసలైంది, టాప్ స్లైడ్ కచ్చితంగా జీరో డిగ్రీల్లో లేకపోతే టేపర్ (ఒక చివర లావు, ఒక చివర సన్నం) వస్తుంది. అర డిగ్రీ పక్కకుందనుకోండి, 50 ఎంఎం పొడవు తిప్పేసరికి టూలు 0.436 ఎంఎం పక్కకి జరుగుతుంది, అంటే డయాలో 0.87 తేడా. దాని మీదున్న డిగ్రీ గీతలు చూసి జీరో అనుకుంటే మోసపోతాం. సాడిల్‌తో తిప్పితే ఈ బాధ లేదు.

ఏ డయల్ కొనాలన్నా? 10 ఎంఎందా, పెద్దదా?

షాపుల్లో ఎక్కువ దొరికేది 10 ఎంఎం ట్రావెల్, 0.01 లీస్ట్ కౌంట్ (చూపగలిగే అతి చిన్న కొలత). పెద్ద ముల్లు ఒక చుట్టు తిరిగితే 1 ఎంఎం, లోపలున్న చిన్న ముల్లు చుట్లు లెక్కపెడుతుంది. సాడిల్ పనికి నా ఓటు 25 లేదా 30 ఎంఎం ట్రావెల్‌కి. 50 ఎంఎందీ వస్తుంది కానీ రేటు ఎక్కువ, పొడవాటి ప్లంజర్ (లోపలికీ బయటికీ జరుగుతూ కొలిచే పుల్ల) బయటికి పొడుచుకుని ఉంటుంది, చెయ్యి తగిలిందంటే అంతే సంగతులు. మిటుటోయో, బేకర్, ఇన్‌సైజ్ ఏదైనా పర్లేదు, బ్రాండ్ కంటే బ్రాకెట్టే ముఖ్యం అని నా గట్టి అభిప్రాయం, మంచి డయల్‌ని ఊగే బ్రాకెట్‌కి పెట్టేకంటే మామూలు డయల్‌ని గట్టి బ్రాకెట్‌కి పెట్టుకోవడం నయం.

సెకండ్ హ్యాండ్ డయల్ కొంటే ఏం చూసుకోవాలి?

సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి చోట్ల పాత డయల్స్ దొరుకుతాయి. చేతిలోకి తీసుకుని ప్లంజర్‌ని చివరిదాకా మెల్లగా నొక్కి, మెల్లగానే వదలండి. ఎక్కడైనా ముల్లు ఆగి గెంతితే పెట్టేయండి. గెంతకపోతే, అదే పని పది సార్లు చేసి ముల్లు మొదలైన చోటికే వస్తుందో లేదో చూడండి. ఆఖర్లో స్టెమ్ (ప్లంజర్ జరిగే గొట్టం) మీద నొక్కిన మచ్చలు ఉన్నాయేమో వేలితో తడమండి. మచ్చ ఉందంటే ఎవరో స్క్రూతో నొక్కి పిండారని లెక్క, అలాంటిది ఫ్రీగా ఇచ్చినా నేను తీసుకోను.

నా దగ్గర పప్పీ డయల్ (లివర్ టైపు చిన్న డయల్) ఉంది, దాన్నే పెట్టేయొచ్చా?

వద్దు. పప్పీ డయల్ ఉన్నది చక్‌లో (జాబ్‌ని పట్టి తిప్పేది) జాబ్, అంటే మనం కోసే ముక్క, సెంటర్ చేసుకోవడానికి, రనౌట్ (తిరిగేటప్పుడు వచ్చే ఊగు) చూసుకోవడానికి. దాని రేంజే మామూలుగా 0.8 ఎంఎం దగ్గర అయిపోతుంది, పైగా లివర్ వంపుగా తిరుగుతుంది కాబట్టి దూరం కొలవడానికి పనికిరాదు. నిటారుగా లోపలికీ బయటికీ జరిగే ప్లంజర్ డయలే కావాలి.

చక్రం దొర్లుతూ కొలిచేది ఉందంట కదా, అదేంటి?

ట్రావ్-ఎ-డయల్ అనేది ఆ రకంలో పేరున్నది, అమెరికాది. సాడిల్‌కి బిగిస్తారు, దాని కింద గట్టి స్టీల్ చక్రం ఒకటి బెడ్‌ని ఒత్తుకుని సాడిల్‌తో పాటు దొర్లుతుంది, ఆ తిరుగుడు గేర్ల ద్వారా ముల్లుకి పోతుంది. ప్లంజర్‌కైతే దాని ట్రావెల్ వరకే లిమిట్, దీనికి బెడ్ ఎంత పొడవుంటే అంత కొలుచుకోవచ్చు, అదే దాని గొప్ప. లోటు కూడా ఆ చక్రంలోనే ఉంది, ఒక్క చిప్ మీద ఎక్కినా, జిడ్డు మీద జారినా రీడింగ్ పోతుంది, పోయినట్టు మీకు తెలియదు. సెకండ్ హ్యాండ్‌లో దొరికితే వదలొద్దు, దొరక్కపోతే దాని కోసం ఆగొద్దు.

ఈ రోజుల్లో డీఆర్ఓ (కొలతని అంకెల్లో చూపే డిజిటల్ రీడౌట్) పెట్టుకోకుండా ఇదెందుకు?

డబ్బులుంటే డీఆర్ఓనే పెట్టుకోండి, నేనేం కాదనను. డయల్ కరెంటు అడగదు, వైరు అడగదు, ముల్లు జీరో వైపు వస్తున్న స్పీడు చూసి చెయ్యి తనంతట తానే నెమ్మదిస్తుంది, అంకెలు టకటకా మారుతుంటే నాకైతే ఆ అంచనా దొరకదు. నా అలవాటే కావచ్చు.

## బ్రాకెట్ తయారు చేసేటప్పుడు

బెడ్‌కి హోల్ కొట్టి ట్యాప్ వేసి బిగించేస్తే గట్టిగా ఉంటుంది కదా?

బెడ్ స్లైడింగ్ (సాడిల్ జారే ముఖం) జోలికి మాత్రం పోవద్దు. డ్రిల్ చేసిన చోట అంచు లేస్తుంది, సాడిల్ దాని మీదుగా పోయినప్పుడల్లా అరుగుతుంది. పైగా బెడ్ మీద పెట్టేది డయలైనా, దానికి ఎదురు స్టాపరైనా ఎప్పుడూ ఒకే చోట ఉండదు, జాబ్ పొడవుని బట్టి జరపాలి. క్లాంప్ చేసుకోండి.

మరి క్లాంప్ ఎలా చేసుకోవాలి? బెడ్ వీ షేపులో ఉంది.

నేను చేసుకున్నది చెప్తా. 60 ఎంఎం పొడవున్న ఎంఎస్ (మైల్డ్ స్టీల్) బ్లాక్ ఒకటి తీసుకుని కింద బెడ్ ముందు వీ మీద కూర్చునేలా గాడి తీశా. మీ బెడ్ వీ 90 డిగ్రీలే అనుకుని కోసేయొద్దు, కొలుచుకుని కోయండి. షేపర్‌లో తీసినా, మిల్లింగ్‌లో తీసినా వీ రెండు వైపులా సమానంగా ఆనడం కష్టం, ప్రష్యన్ బ్లూ (ఎక్కడ ఆనుతోందో చూపే రంగు) రాసి చూస్తే ఒక అంచు మీదే రంగు అంటుకుంటుంది. అప్పుడు గీకుతూ కూర్చునే ఓపిక లేకపోతే ఒక చిట్కా ఉంది, గాడిని ఒకటిన్నర ఎంఎం ఎక్కువ లోతు తీసి, బెడ్ మీద వ్యాక్స్ పాలిష్ బాగా పట్టించి, గాడిలో ఎం-సీల్ పెట్టి బెడ్ మీద నొక్కి ఒక రాత్రి వదిలేయండి. పొద్దున చెక్క సుత్తితో మెల్లగా తడితే ఊడొస్తుంది, బెడ్ ఎలా ఉందో అచ్చు అలాగే దిగి ఉంటుంది. వ్యాక్స్ పట్టించడం మర్చిపోతే మాత్రం అది మీ బెడ్‌లో భాగమైపోతుంది.

బెడ్ కింది అంచుకి ఒక 10 ఎంఎం పట్టీ పెట్టి ఎం8 బోల్టుతో పైకి లాగాలి. ఎం8 ట్యాప్‌కి డ్రిల్ 6.8. పట్టీ ఆనే చోట రాగి ముక్క పెడితే మచ్చ పడదు. రాక్‌కి, లీడ్ స్క్రూకి (థ్రెడింగ్‌లో సాడిల్‌ని నడిపే పొడవాటి స్క్రూ) పట్టీ తగలకుండా చూసుకోండి, సాడిల్‌ని ఒకసారి ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పాకే బోల్టు పొడవు కోయండి.

మాగ్నెటిక్ బేస్ పెట్టేసుకుంటే ఈ శ్రమంతా ఉండదు కదా?

ఒక పూట పనికి, ఒక్క జాబ్‌కి అయితే పెట్టుకోండి. మొదట్లో నేనూ అదే వాడా. బేరింగ్ సీట్లు ఉన్న ఒక షాఫ్ట్ చేస్తూ సాడిల్‌ని కొంచెం గట్టిగా తెచ్చి కొట్టా, బేస్ కొద్దిగా వెనక్కి జరిగింది, ముల్లు మాత్రం నేను కోరుకున్న చోటే ఉంది, నేనూ దర్జాగా అదే లెక్కన షోల్డర్ (డయా మారే చోట వచ్చే మెట్టు) తీసేశా. డెప్త్ మైక్రోమీటర్ పెట్టి చూస్తే 0.4 ఎక్కువ లోపలికి పోయింది. షాఫ్ట్ మొత్తం స్క్రాప్. తప్పు నాదే, వీ బెడ్ మీద ఆ బేస్‌కి సరిగ్గా ఆనే చదునే లేదు. ఇంకోటి, మాగ్నెట్ చుట్టూ ఇనుప చిప్స్ గడ్డంలా పేరుకుంటాయి, తీసేటప్పుడు అవన్నీ బెడ్ మీదే రాలతాయి.

డయల్ స్టెమ్‌ని ఎలా పట్టుకోవాలి? గ్రబ్ స్క్రూ (తల లేని చిన్న స్క్రూ) సరిపోతుందా?

గ్రబ్ స్క్రూ నేరుగా స్టెమ్ మీద వేయొద్దు. స్టెమ్ లోపల బోలుగా ఉంటుంది, ప్లంజర్ అందులోనే జరుగుతుంది, స్క్రూ ఒక చోట నొక్కితే స్టెమ్ సొట్టపడి ప్లంజర్ పట్టేస్తుంది. మెట్రిక్ డయల్స్‌కి స్టెమ్ 8 ఎంఎం ఉంటుంది, పాత ఇంచుల డయల్ అయితే 3/8 ఇంచు, కొలిచాకే హోల్ చేయండి. 7.8 డ్రిల్ వేసి 8 రీమర్ తిప్పండి, తర్వాత హ్యాక్సా బ్లేడుతో హోల్‌లోకి ఒక చీలిక కోసి, అడ్డంగా ఎం4 అలెన్ స్క్రూ పెడితే చీలిక మూసుకుంటూ చుట్టూ సమానంగా పట్టుకుంటుంది. ఎంత బిగించాలంటే, ఒక చేత్తో ప్లంజర్‌ని నొక్కి వదులుతూ ఇంకో చేత్తో అలెన్ కీ తిప్పండి, ప్లంజర్ రావడం బద్ధకించిన క్షణంలో పావు చుట్టు వెనక్కి. అంతే.

డయల్ సాడిల్ మీద పెట్టాలా, బెడ్ మీద పెట్టాలా?

రెండూ నడుస్తాయి. సాడిల్ మీద పెడితే డయల్ ఎప్పుడూ కళ్ళ ముందే ఉంటుంది, బెడ్ మీద పైన చెప్పిన క్లాంప్ బ్లాక్ ఉత్త స్టాపర్‌గా ఉంటే చాలు. బెడ్ మీద, చక్ వైపు పెడితే చిప్స్, కూలెంట్ అన్నీ డయల్ నెత్తినే పడతాయి. నాది సాడిల్ ఎడమ అంచున, ముందు వైపు ఉంది, పైన రేకు ముక్క వంచి గొడుగులా పెట్టా. ఆప్రాన్‌కి పెట్టకండి, సాడిల్ బాడీకే పెట్టండి, ఆప్రాన్ బోల్టులు పాతబడితే అదీ కొంచెం ఊగుతుంది.

## బిగించి సెట్ చేసేటప్పుడు

ప్లంజర్ బెడ్‌కి ఎంత సమానంగా ఉండాలి? కంటితో చూసి పెడితే సరిపోదా?

కన్ను ఒకటి రెండు డిగ్రీలు ఈజీగా మోసం చేస్తుంది. ఎదురు స్టాపర్ చదునుగా ఉందనుకుంటే, 25 ఎంఎం ట్రావెల్‌కి 1 డిగ్రీ వంకర ఉంటే తేడా అర గీత కూడా రాదు, 2 డిగ్రీలకి గీతన్నర, 5 డిగ్రీలకి ఏకంగా తొమ్మిదిన్నర గీతలు. కాబట్టి 1 డిగ్రీ లోపల ఉంటే తలనొప్పి లేదు. స్టెమ్ పట్టే హోల్‌లో డయల్ బదులు 8 ఎంఎం గ్రౌండ్ రాడ్ ఒకటి 100 ఎంఎం పొడవుది పెట్టండి, బెడ్ మీద మాగ్నెటిక్ బేస్‌కి ఇంకో డయల్ పెట్టి రాడ్ పైన ఆనించి, సాడిల్ జరుపుతూ ఆ రాడ్ పొడవునా చూడండి, తర్వాత రాడ్ పక్క నుంచి కూడా. 100కి 1.7 ఎంఎం ఎక్కినా అది 1 డిగ్రీయే, అంటే ఇది అంత కష్టమైన సెట్టింగ్ కాదు, చూడకుండా వదిలేస్తేనే ప్రాబ్లం.

ప్లంజర్ మొన దేనికి ఆనాలి?

గట్టిగా, చదునుగా ఉన్నదానికి. పోత పోసిన గరుకు ముఖానికి ఆనిస్తే మొన ప్రతిసారీ వేరే గుంటలో కూర్చుంటుంది. విరిగిన హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీల్) టూల్ బిట్ ముక్క ఒకటి తీసుకుని స్టాపర్‌కి ఆరల్డైట్‌తో అంటించండి, దాని గ్రౌండ్ ముఖం ప్లంజర్ వైపు ఉండాలి. ప్లంజర్‌కి గుండ్రటి మొనే ఉంచండి, మెట్రిక్ డయల్స్‌లో ఆ మొన థ్రెడ్ ఎం2.5, అరిగితే మార్చుకోవచ్చు.

సాడిల్ ఎక్కువ జరిగితే డయల్ పగిలిపోదా?

పోతుంది. రాక్ పినియన్‌తో వచ్చే తోపు ముందు డయల్ ఎంత? అందుకే డయల్ ట్రావెల్ అయిపోయే 1 ఎంఎం ముందే సాడిల్ ఒక గట్టి స్టాపర్‌కి తగలాలి. నా క్లాంప్ బ్లాక్‌లోనే డయల్ మొన ఆనే చోటికి పక్కన ఎం10 బోల్టు ఒకటి లాక్ నట్‌తో పెట్టా, సాడిల్ దానికే కొట్టుకుంటుంది. ఇది పెట్టకముందు డయల్ బిగించకండి.

బిగించాక కరెక్టేనా అని ఎలా తేలుతుంది?

రెండు పరీక్షలు. మొదటిది రిపీట్ అవుతుందా అని, సాడిల్‌ని స్టాపర్‌కి చేత్తో పది సార్లు తెచ్చి ఆనించి ప్రతిసారీ ముల్లు చూడండి, ఒక గీతలోపు ఆడితే బాగున్నట్టు, మూడు నాలుగు గీతలు ఆడితే ఎక్కడో ఏదో వదులుగా ఉంది. రెండోది స్లిప్ గేజ్‌తో (కచ్చితమైన మందం ఉన్న స్టీల్ ముక్క), స్టాపర్‌కీ ప్లంజర్‌కీ మధ్య 20 ఎంఎం స్లిప్ గేజ్ పెట్టి జీరో చేయండి, సాడిల్‌ని కదపకుండా గేజ్ తీసేయండి, ప్లంజర్ బయటికొచ్చి స్టాపర్‌కి ఆనాక చిన్న ముల్లు, పెద్ద ముల్లు కలిపి సరిగ్గా 20 తేడా చూపించాలి.  స్లిప్ గేజ్ సెట్ లేకపోతే తెలిసిన టూల్ రూమ్‌లో ఒక గంట అడిగి తెచ్చుకోండి.

చక్రం టైపు డయల్ 100 ఎంఎంకి మూడు గీతలు ఎక్కువ చూపిస్తోంది, ఏం చేయాలి?

చక్రాన్ని కొద్దిగా పక్కకి తిప్పి పెట్టాలి. అది సాడిల్ పోయే దారికి వంకరగా దొర్లితే తక్కువ తిరుగుతుంది, ఒకటిన్నర డిగ్రీ తిప్పితే 100 ఎంఎంకి మూడు గీతల పైచిలుకు తగ్గుతుంది. గమనించారా, ఇలా తిప్పితే రీడింగ్ తగ్గుతుందే గానీ పెరగదు. అందుకే సొంతంగా చక్రం చేసుకునేవాళ్ళు డయా వెంట్రుకవాసి తక్కువ ఉంచుకోవాలి. చుట్టుకొలత 100 రావాలంటే డయా 31.83, ఇందులో ఒక్క గీత తేడా వచ్చినా 100 ఎంఎంకి మూడు గీతలు తప్పుతుంది, కాబట్టి లేత్‌లో తిప్పి వదిలేస్తే కుదరదు, గ్రైండింగ్ చేయించాలి.

## రోజూ వాడేటప్పుడు

జీరో ఎక్కడ పెట్టుకోవాలి?

జాబ్ ఫేసింగ్ (చివర ముఖం చదును చేయడం) అయ్యాక టూల్ మొనని ఆ ఫేస్‌కి తాకించి, అక్కడ డయల్ బెజెల్ (అంకెలతో తిరిగే చుట్టు రింగు) తిప్పి జీరో పెట్టండి. పెద్ద ముల్లు జీరో చేసి చిన్న ముల్లు ఎక్కడుందో చూడకపోవడం అందరూ చేసే తప్పు, సరిగ్గా ఒక ఎంఎం తేడాతో షోల్డర్లు వస్తున్నాయంటే కారణం అదే. సుద్దతో హెడ్‌స్టాక్ మీద చిన్న ముల్లు అంకె రాసుకోండి, సిగ్గేం లేదు, నేనిప్పటికీ రాస్తా.

పవర్ ఫీడ్ పెట్టి స్టాపర్ దాకా వదిలేయొచ్చా?

అస్సలు వద్దు. స్టాపర్‌కి 4, 5 ఎంఎం ముందే ఫీడ్ తీసేసి మిగిలింది చేత్తో తేండి. మీ మిషన్‌కి ఓవర్‌లోడ్ క్లచ్ లేకపోతే స్టాపర్ జరుగుతుంది, లేదా ఫీడ్ గేర్ పన్ను పోతుంది. థ్రెడింగ్ చేసేటప్పుడైతే స్టాపర్‌ని ఆ చివరకి జరిపేయండి, హాఫ్ నట్ (సాడిల్‌ని లీడ్ స్క్రూకి పట్టించేది) పట్టి ఉండగా సాడిల్ స్టాపర్‌కి కొట్టిందంటే డయల్ ఒక్కటే కాదు, లీడ్ స్క్రూ మీద కూడా ఆశ వదులుకోవాలి.

నా డయల్ 25 ఎంఎందే, 110 ఎంఎం షోల్డర్ ఎలా తీయాలి?

మధ్యలో ముక్కలు పెట్టుకోవాలి. 20, 50, 100 ఎంఎం పొడవుతో 12 ఎంఎం రాడ్ ముక్కలు రెండు చివరలూ ఫేసింగ్ చేసి, మైక్రోమీటర్‌తో కొలిచి అసలు పొడవు ముక్క మీదే పంచ్ కొట్టుకోండి. 100 ముక్క స్టాపర్‌కి ఆనించి టూల్ ఫేస్‌కి తాకించి జీరో చేస్తారు, ముక్క తీసేస్తే సాడిల్ 100 జరిగాక మళ్ళీ జీరో వస్తుంది, అక్కడి నుంచి ఇంకో 10 డయల్ మీద చూసుకుంటారు. గట్టి స్టాపర్ బోల్టుకి కూడా అంతే పొడవు ముక్క అడ్డం ఉండాలని గుర్తుంచుకోండి, లేకపోతే 100 ముక్క ఉండగా సాడిల్ ఎక్కువ జరిగితే డయల్‌ని ఆపేదే ఉండదు.

సాడిల్ లాక్ చేస్తుంటే ముల్లు రెండు గీతలు కదులుతోంది, డయల్ పాడైందా?

డయల్ నిజమే చెప్తోంది. లాక్ బోల్టు బిగించేటప్పుడు సాడిల్ కొద్దిగా జరుగుతుంది, ఇన్నాళ్ళూ అది మీకు కనపడలేదంతే. లాక్ చేశాక రీడింగ్ చూసి, తేడా ఎంతో గమనించి, ఈసారి ఆ రెండు గీతలు ముందే వదిలి లాక్ చేయండి.

డయల్ కరెక్ట్‌గా చూపించినా జాబ్ కొలత తేడా వస్తోంది, ఎందుకు?

డయల్‌కి తెలిసింది సాడిల్ ఎక్కడుందో మాత్రమే, టూల్ మొన ఎక్కడుందో దానికి తెలియదు. టాప్ స్లైడ్ గిబ్ (ప్లే తీసే పట్టీ) వదులుగా ఉంటే కటింగ్ లోడ్‌కి టూలు వెనక్కి పోతుంది, జాబ్ చక్‌లో వెనకాల ఆనకుండా ఉంటే లోపలికి జారుతుంది, ఇవేవీ ముల్లు మీద కనపడవు. ముందు ఆ రెండూ చూడండి. ఆ తర్వాత వేడి. 100 ఎంఎం స్టీల్ ముక్క 40 డిగ్రీలు వేడెక్కితే దాదాపు ఐదు గీతలు పెరుగుతుంది, మీరు వేడిగా ఉన్నప్పుడు తీసిన షోల్డర్ టీ తాగొచ్చి కొలిస్తే తక్కువే వస్తుంది. ఫినిష్ కట్‌కి ముందు చేత్తో పట్టుకోగలిగేంత చల్లారనివ్వండి.

డ్రాయింగ్ ఇంచుల్లో ఉంది, డయల్ ఎంఎంలో ఉంది?

25.4తో గుణించుకోవడమే. ఒక థౌ (ఇంచులో వెయ్యో వంతు) అంటే రెండున్నర గీతలు అని మనసులో ఉంచుకుంటే చిన్న కొలతలకి కాల్‌క్యులేటర్ అక్కర్లేదు, పెద్ద కొలతలకి మాత్రం 0.0254 పూర్తిగా వేయండి.

ఇదే డయల్ క్రాస్ స్లైడ్‌కి (టూలుని జాబ్‌కి అడ్డంగా జరిపే స్లైడ్) కూడా పెట్టొచ్చా?

పెట్టొచ్చు, స్క్రూ బ్యాక్‌లాష్ (తిప్పే దిశ మారిస్తే వచ్చే ప్లే) బాధ తప్పుతుంది. ఒక్కటే జాగ్రత్త, క్రాస్ స్లైడ్ ఒక గీత జరిగితే డయా రెండు గీతలు తగ్గుతుంది. మీ క్రాస్ స్లైడ్ కాలర్ (హ్యాండిల్ దగ్గర గీతలున్న రింగు) డయా లెక్కన గీసి ఉంటే డయల్ సగమే చూపిస్తుంది, అది చూసి కంగారుపడి బ్రాకెట్ విప్పేసినోళ్ళున్నారు.

## మొరాయించినప్పుడు

ముల్లు మధ్యలో ఆగిపోతోంది, కొంచెం ఆయిల్ వేస్తే?

ప్లంజర్‌కి ఆయిల్ వేయకండి, రెండు రోజులు బాగా తిరుగుతుంది, తర్వాత దుమ్ము పట్టి జిగురైపోయి అసలుకే ఆగిపోతుంది. ముందు క్లాంప్ స్క్రూ వదులు చేసి చూడండి, సగం కేసులు అక్కడే తేలిపోతాయి. అప్పటికీ ఆగుతుంటే ప్లంజర్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడిచి, నొక్కుతూ వదులుతూ మళ్ళీ తుడవండి. వెనక మూత విప్పే సాహసం వద్దు, లోపల హెయిర్ స్ప్రింగ్ ఒకటి ఉంటుంది, దాని టెన్షన్ పోతే రిపేరర్ దగ్గరికి తీసుకెళ్ళాల్సిందే.

లోపలికి కూలెంట్ పోయింది, అద్దం మీద ఆవిరి పట్టింది.

వెంటనే విప్పి ప్లంజర్ కిందికి ఉండేలా ఒక పూట నీడలో వేలాడదీయండి. ఎండలో పెట్టొద్దు, ప్లాస్టిక్ అద్దం వంకరపోతుంది. ఆరాక ముల్లు మామూలుగా తిరిగితే అదృష్టం, గరగర అంటే గేర్లలో తుప్పు మొదలైనట్టే, రిపేరర్‌కి ఇచ్చేయండి. తిరిగి బిగించేటప్పుడు పైన రేకు గొడుగు ఒకటి పెట్టుకోండి, పాత కూలెంట్ డబ్బా కోస్తే రెండు గొడుగులొస్తాయి.